లారీ చక్రమంత సూర్యుడు: ఆటోనగరులో సౌరకుటుంబ పాఠము

సౌరకుటుంబమును గురించిన పాఠము ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి లోపల ఏదో ఒక రూపమున ప్రతి విద్యార్థికిని వచ్చును. పాఠముతోబాటు ఒక బొమ్మ ఉండును. పుటకు ఎడమ అంచున సగము కనబడు పసుపుపచ్చని సూర్యుడు, అతనికి కుడివైపున వరుసగా ఎనిమిది రంగురంగుల గోళములు, వాని నడుమ వేలెడు వేలెడు ఎడము. విద్యార్థి ఆ బొమ్మను చూచును, పేర్లు వల్లించును, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొనును. కాని అదే విద్యార్థిని, "భూమిని గోళీకాయంత చేసినచో సూర్యుని ఎచ్చట పెట్టవలెను?" అని అడిగిచూడవలెను. సూర్యుని దూరము పదునాలుగు కోట్ల తొంబదియారు లక్షల కిలోమీటర్లని తడుముకొనకుండ చెప్పగలవాడు కూడ, బల్లమీద గోళీకి మూరెడు దూరమున చేయి పెట్టి చూపును.

తప్పు బొమ్మ వేసినవానిది కాదు. పుస్తకపు పుట వెడల్పు సుమారు 18 సెంటీమీటర్లు అనుకొందము. సూర్యుని మొదలు నెప్ట్యూను వరకు గల 450 కోట్ల కిలోమీటర్లను ఆ వెడల్పులో ఇమిడ్చినచో, 13,92,000 కి.మీ. వ్యాసము గల సూర్యుడు మిల్లీమీటరులో పదునెనిమిదవ వంతు మాత్రమే ఉండును. అది సన్నని తలవెంట్రుక మందము. భూమి దానిలో నూటతొమ్మిదవ వంతు. కంటికి కనబడుట అసంభవము. కాబట్టి చిత్రకారుడు గోళములకు ఒక కొలమానమును, దూరములకు వేరొక కొలమానమును వాడక తప్పదు. పెక్కు పుస్తకములలో గోళములు సయితము తమలో తాము ఒకే కొలమానమున ఉండవు. ఈ సంగతి ఉపాధ్యాయుడు చెప్పనిచో పిల్లవాడు బొమ్మను నమ్మును. ఆ నమ్మకము ఒంటరిగా ఉండదు. దాని వెంట, వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగా జరుగుననియు, చంద్రుని కళలకు భూమి నీడయే కారణమనియు, గ్రహణము చెప్పరాని కీడు అనియు మరికొన్ని వచ్చి చేరును.

ఈ పాఠమును ఒకే కొలమానమున చెప్పవలెనన్నచో గది చాలదు, వీధి కావలెను. అందుకు విజయవాడ తూర్పు కొసన, బందరు రోడ్డునకు ఆనుకొని ఉన్న ఆటోనగరు వంటి చోటు మరియొకటి దొరకదు. లారీలకు బాడీలు కట్టు షెడ్లు, లేతు మిషనులు, వెల్డింగు దుకాణములు, టైర్ల అంగళ్ళు, పాత సామాను గుట్టలు ఇచ్చట వీధివీధిని ఉన్నవి. తక్కినచోట్ల పాఠశాలలలో "మిల్లీమీటరు" అన్నది స్కేలుబద్ద మీది గీత. ఇచ్చటి పిల్లలకు అట్లు కాదు. బేరింగు కొలతలో మిల్లీమీటరుకు పదవవంతు తేడా వచ్చినను అది ఇరుసునకు పట్టదనియు, తెచ్చిన సామాను దుకాణమునకు తిరిగి పంపవలసివచ్చుననియు వారు ఇంటిలో వినుచునే ఉందురు. వెర్నియరు కొలతబద్దను ప్రయోగశాలలో గాక తండ్రి చేతిలో మొదట చూచిన పిల్లలు ఎందరో కలరు. పాఠమునకు ఇది మంచి పెట్టుబడి.

లారీ టైరు ఎత్తు ఇంచుమించు ఒక మీటరు. దానిని సూర్యుడనుకొందము. నడుమ బోలుగా కనబడకుండ పసుపుపచ్చని కాగితము గాని గుడ్డ గాని బిగింపవచ్చును. 13,92,000 కి.మీ. ఒక మీటరైనచో, ఒక మిల్లీమీటరు 1,392 కి.మీ. అగును. ఇక మిగిలిన పనియంతయు భాగహారమే. దానిని పిల్లల చేతనే చేయింపవలెను. భూమి వ్యాసము 12,742 కి.మీ.; భాగింపగా తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు వచ్చును. పాత బేరింగులను విప్పినచో అంతటి ఉక్కుగుండ్లు దొరకును. శుక్రుడు దానికంటె వీసమంత చిన్నవాడు, 8.7 మి.మీ.; రెండు గుండ్లను ప్రక్కప్రక్కన పెట్టి వెర్నియరుతో కొలిచినగాని తేడా తెలియదు. కుజునకు సుమారు 5 మి.మీ. గుండు, బుధునకు మూడున్నర మి.మీ. గుండు సరిపోవును. బృహస్పతి పది సెంటీమీటర్ల వాడు; చిన్న పంపరపనస పండు. శనికి ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు గల బత్తాయి కావలెను. యురేనసు, నెప్ట్యూను రెండును మూడున్నర సెంటీమీటర్ల ఉసిరికాయలు. శని వలయములకు ఇరువది సెంటీమీటర్ల వెడల్పున అట్టముక్కను చక్రముగా కత్తిరింపవచ్చును గాని, వాని పలుచదనమును మాత్రము చూపలేము. చాలచోట్ల ఆ వలయముల మందము కొన్ని పదుల మీటర్లే. ఈ కొలమానమున అంత పలుచని కాగితము లోకములో లేదు.

గోళములు చేతికి వచ్చిన తరువాత పిల్లలు వానిని టైరు ప్రక్కనే వరుసగా పేర్చుదురు. బొమ్మ నేర్పిన అలవాటు అది. అప్పుడు దూరములను కూడ అదే 1,392తో భాగింపుమనవలెను. బుధుడు టైరునకు 42 మీటర్ల దూరమునకు పోవును. శుక్రుడు 78 మీటర్లు. భూమి 107 మీటర్ల 50 సెంటీమీటర్లు. కుజుడు 164 మీటర్లు. టైరును ఆటోనగరు గేటు కడ నిలిపి బందరు దిశగా బయలుదేరినచో, బృహస్పతి 559 మీటర్లకు గాని రాడు. శని ఒక కిలోమీటరు ముప్పది మీటర్లు. యురేనసునకు రెండు కిలోమీటర్లు దాటవలెను. నెప్ట్యూను మూడు కిలోమీటర్ల 230 మీటర్లు. అనగా కానూరు మీదుగా పోరంకి వైపు నడిచిపోవుచునే ఉండవలెను. దూరము కొలుచుటకు టేపు లేనిచో సైకిలు చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కింపవచ్చును. అయితే బందరు రోడ్డుమీద బస్సుల, లారీల రద్దీ ఎట్టిదో తెలిసినదే. పిల్లలను నడిపించుట కుజుని వరకు, అదియును పాఠశాల ఆవరణలో గాని ప్రక్క వీధిలో గాని చాలును. తక్కిన నాలుగు గ్రహములను ఊరి పటము మీద గుర్తించిన సరిపోవును; దారి వారికి తెలిసినదే.

ఈ నడకలో పిల్లలు మొట్టమొదట గ్రహించునది గ్రహములను గాదు, వాని మధ్యనున్న శూన్యమును. మూడుంబావు కిలోమీటర్ల దారిలో ఉంచిన సరకంతయు ఒక చేతిసంచిలో పట్టును. సౌరకుటుంబపు మొత్తము ద్రవ్యరాశిలో నూటికి 99.8 పాళ్ళకు పైగా ఆ టైరులోనే ఉన్నది. ఏ పుస్తకపు బొమ్మయు చూపలేనిది ఈ ఖాళీయే.

భూమి గుండు నిలిచియుండునది కాదు. టైరు చుట్టును 675 మీటర్ల బాటను అది సంవత్సరమునకు ఒక్కసారి చుట్టిరావలెను. లెక్క కట్టినచో రోజుకు ఒక మీటరు 85 సెంటీమీటర్లు, ఒక నిలువెత్తు మనిషి పొడవు. ఆ బాట సరియైన వృత్తము కాదు. కొంచెము ఒక ప్రక్కకు ఒరిగిన దీర్ఘవృత్తము. భూమి సూర్యునికి మిక్కిలి దగ్గరగా వచ్చునప్పుడు 14 కోట్ల 71 లక్షల కి.మీ., మిక్కిలి దూరమైనప్పుడు 15 కోట్ల 21 లక్షల కి.మీ. మన వీధిలో ఆ తేడా మూడున్నర మీటర్ల చిల్లర మాత్రమే. ఆ దగ్గరితనము ఎప్పుడు వచ్చునని అడిగినచో విజయవాడ పిల్లలందరు ఒక్క గొంతుతో మే నెల అందురు. అంతటి ఎండ కాచు ఊరిలో వేరు జవాబు రాదు. నిజమునకు భూమి సూర్యునికి దగ్గరగా ఉండునది జనవరి మొదటి వారమున, సంక్రాంతి ముగ్గులు మొదలైన చలి దినములలో. దూరమగునది జూలై మొదటి వారమున.

మరి వేసవికి కారణమేమి? దీనికి ఒక మీటరు కర్రను ఎండలో నిట్టనిలువుగా పాతి మిట్టమధ్యాహ్నపు నీడను కొలుచుట చాలును. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునారున్నర డిగ్రీల అక్షాంశముమీద ఉన్నది. డిసెంబరు 21న ఇచ్చట మీటరు కర్ర నీడ ఉత్తరమునకు 84 సెంటీమీటర్లు సాగును. సూర్యుడు ఏటవాలుగా ఉండుటచే అంతే వెలుగు ఎక్కువ నేలమీద పరచుకొనును. పగలు కూడ పొట్టిది. మే 6 ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. అప్పుడు కర్రకు నీడయే ఉండదు. జూన్ 21న సూర్యుడు మనలను దాటి ఉత్తరమునకు పోయినందున నీడ దక్షిణమునకు పడును. అది 12 సెంటీమీటర్లు మాత్రమే. తిరిగి వచ్చుచు ఆగస్టు 6, 7 తేదీల ప్రాంతమున మరల నడినెత్తికి వచ్చును. మే నెలలో బడులకు సెలవు గనుక పాఠమునకు ఆగస్టు తేదీయే అనుకూలము, మబ్బు లేకున్నచో. గడియారములో పండ్రెండు కొట్టగానే చూడరాదు. మన గడియారములు 82½ డిగ్రీల రేఖాంశమునకు సరిపెట్టినవి; విజయవాడ దానికి పడమరగా ఉన్నది. ఆగస్టులో ఇచ్చటి అసలు మధ్యాహ్నము 12 గంటల 13 నిమిషములకు వచ్చును.

దూరము మీటర్లలో తెలిసిన తరువాత కాలములో తెలియవలెను. కాంతి సెకనుకు దాదాపు మూడు లక్షల కి.మీ. పోవునని ప్రతి విద్యార్థియు చదువును. మన వీధిలో అది సెకనుకు 21½ సెంటీమీటర్లు. ఆరవ తరగతి పిల్లవాని పాదము పొడవు ఇంచుమించు అంతే. ఒక పిల్లవానిని టైరు కడ నిలిపి, మడమకు బొటనవ్రేలు ఆనించి, సెకనుకు ఒక అడుగు చొప్పున భూమి గుండు వైపు నడువుమనవలెను. తక్కినవారు గట్టిగా అంకెలు చదువవలెను. అయిదువందల అడుగులకు, అనగా ఎనిమిది నిమిషముల ఇరువది సెకనులకు అతడు భూమిని చేరును. ఎనిమిది నిమిషములనగా ఎంతసేపో, నూరు దాటిన తరువాత అంకెలు చదువువారికి బాగుగా తెలియును! ఆ పిల్లవాడు అదే నడకతో నెప్ట్యూను చేరవలెనన్న నాలుగు గంటల పది నిమిషములు పట్టును. లోకములో దీనికంటె వేగముగా పోవునది లేదు అని చెప్పునపుడు తరగతిలో నవ్వు రావచ్చును. రానిండు.

మానవుడు చేసిన వస్తువులలో మిక్కిలి దూరము పోయినది వాయేజరు-1 అను అంతరిక్షనౌక. దానిని 1977 సెప్టెంబరు 5న అమెరికా ప్రయోగించినది. 2025 నాటికి అది సూర్యునికి సుమారు 2,500 కోట్ల కి.మీ. దూరము చేరినది. మన బందరు రోడ్డుమీద అది 18వ కిలోమీటరు. కంకిపాడు దాటినది, ఉయ్యూరు ఇంకను రాలేదు. నెప్ట్యూను ఉసిరికాయను 1989లోనే వెనుకవేసిన వాయేజరు-2 వేరొక దిక్కున పోవుచున్నది. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీపమున ఉన్న నక్షత్రము మన కొలమానమున 28,800 కి.మీ. దూరమున ఉండవలెను. భూగోళముమీద ఆటోనగరు నుండి ఎచ్చటికి పోయినను 20,000 కి.మీ. మించి దూరము లేదు. కావున ఆ నక్షత్రమును నిలుపుటకు భూమియే చాలదు.

అదే రోడ్డు సుమారు 65 కిలోమీటర్ల మీద బందరు చేరును. సౌరకుటుంబమును గురించి మానవుడు తెలిసికొన్న ఒక పెద్ద సంగతిలో ఆ ఊరికిని, కృష్ణకు ఆవలి గుంటూరునకును పాత్ర ఉన్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ డెల్టామీదుగా పోయినది. దానిని చూచుటకు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఝాన్సెను గుంటూరునకు వచ్చెను. బ్రిటిషు వారి పక్షమున టెన్నెంటు కూడ గుంటూరులోనే శిబిరము వేసెను. మద్రాసు వేధశాలకు అధిపతియైన పోగ్సను బందరులో పరిశీలించెను. ఆ వేధశాలలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్ళెను. గుంటూరులో అయిదు నిమిషములకు పైగా సూర్యబింబము పూర్తిగా మరుగుపడినది. ఆ కొద్ది వ్యవధిలో వర్ణపటదర్శినిని త్రిప్పి చూచినవారికి, సూర్యుని అంచున ఎగయు ఎర్రని జ్వాలలు వెలుగు గీతలుగా విడిపోయి కనబడెను. అవి ఘనపదార్థము కాదు, మండుచున్న వాయువని తేలినది. ఝాన్సెను అంతటితో ఆగలేదు. అంత ప్రకాశముగల గీతలు గ్రహణము లేనపుడును కనబడవలెనని తలచి, మరునాటి ఉదయమున గుంటూరులోనే ప్రయత్నించి చూడగలిగెను. ఆ గీతలలో పసుపుపచ్చనిది ఒకటి ఉండెను. మొదట అది సోడియము గీత కాబోలునని అనుకొన్నవారు కలరు. ఆ సంవత్సరమే అక్టోబరులో ఇంగ్లండున లాకియరు దానిని గ్రహణము లేకుండనే చూచి, అది సోడియముది కాదనియు, భూమిమీద ఎరిగిన ఏ మూలకముదియు కాదనియు నిశ్చయించెను. సూర్యుని గ్రీకు పేరు మీద దానికి హీలియము అని పేరు వచ్చినది. భూమిమీద హీలియమును రామ్సే 1895లో ఒక యురేనియము ఖనిజమునుండి తీసెను. ఒక మూలకము మొదట సూర్యునిలో దొరికి, ఇరువదియేడేండ్లకు భూమిమీద దొరుకుట విచిత్రమే. గుంటూరు, బందరు పాఠశాలలలో మూలకముల పట్టిక వల్లించు పిల్లలకు రెండవ గడిలోని పేరు తమ ఊళ్ళకు ఇంత చుట్టమని చెప్పినవారు ఎందరో!

గ్రహణము మాట వచ్చినది గనుక చంద్రుని సంచిలోనుండి తీయవలెను. అతడు రెండున్నర మిల్లీమీటర్ల గుండు. భూమి గుండునకు 27½ సెంటీమీటర్ల దూరమున ఉండును. ఇచ్చట ఎవడో ఒక తెలివిగల విద్యార్థి అడుగవలసిన ప్రశ్న ఉన్నది: "మాస్టారూ, ఇంత పిసరు చంద్రుడు అంత టైరును ఎలా కప్పేస్తాడండీ?" జవాబును నోటితో చెప్పరాదు. ఆ గుండును సన్నని తీగ కొసకు మైనముతో అతికించి, భూమి స్థానమున, టైరునకు 107½ మీటర్ల దూరమున అతనిని నిలిపి, గుండును కంటికి 27 సెంటీమీటర్ల దూరమున పట్టి ఒక కంటితో టైరును చూడుమనవలెను. కంటిపాప వెడల్పు దాదాపు గుండంతయే ఉండుటచే ఊరక చూచినచో అంచులు చెదరును. అట్టముక్కకు సూదితో చిల్లు చేసి, దానిని కంటికి ఆనించుకొని చూడవలెను. టైరు గుండు చాటున సరిగా దాగును. గుండును 26 సెంటీమీటర్లకు తెచ్చినచో పూర్తిగా దాగును. 29కి జరిపినచో చుట్టును సన్నని ఉంగరము మిగులును. చంద్రుని కక్ష్యయు దీర్ఘవృత్తమే గనుక అతని దూరము నిజముగా ఈ మేరలలోనే మారుచుండును. సంపూర్ణ గ్రహణమునకును, కంకణాకార గ్రహణమునకును తేడా ఈ మూడు సెంటీమీటర్లలోనే ఉన్నది.

సూర్యుడు తన వ్యాసమునకు 107½ రెట్లు దూరమున, చంద్రుడు తన వ్యాసమునకు 110 రెట్లు దూరమున ఉండుటచేతనే ఇద్దరును ఒకే పరిమాణమున కనబడుచున్నారు. జపమాలలోని 108 పూసలకును దీనికిని ముడిపెట్టువారు ఉన్నారు. ఆ ముడికి ఆధారము లేదు గాని, అంకె జ్ఞాపకముంచుకొనుటకు మాత్రము అది పనికివచ్చును.

ప్రతి అమావాస్యకును గ్రహణమేల రాదు? చంద్రుని బాట భూమి బాటకు అయిదు డిగ్రీలు వంగియున్నది. మన నమూనాలో ఆ వంపువలన గుండు రెండున్నర సెంటీమీటర్ల వరకు పైకి గాని క్రిందికి గాని పోవును. గుండు వెడల్పే రెండున్నర మిల్లీమీటర్లు. అనగా తన ఒడలికి పదిరెట్లు తప్పిపోవును. రెండు బాటలు ఒకదానినొకటి ఖండించు రెండు చోట్ల సమీపమున అమావాస్య పడినపుడే సూర్యగ్రహణము, పున్నమి పడినపుడే చంద్రగ్రహణము. ఆ రెండు చోట్లనే మన జ్యోతిష సిద్ధాంతకారులు రాహువు, కేతువు అనిరి. క్రీ.శ. 476లో జన్మించిన ఆర్యభటుడు గ్రహణములు నీడలవలన కలుగునని స్పష్టముగా చెప్పెను. భూమి నీడకు చంద్రగ్రహణమున మాత్రమే పని. కళలకు దానితో సంబంధము లేదు. ఎండలో తెల్లరంగు పూసిన బంతిని చాచిన చేతితో పట్టుకొని పిల్లవాడు తన చుట్టు తాను తిరిగినచో, వెలుగు సగము ఎల్లప్పుడును సూర్యునివైపే ఉండుటయు, అందులో తనకు కనబడు భాగము మారుటయు తెలియును.

నవగ్రహములకు ప్రదక్షిణము చేయు ఇంటిలో పెరిగిన పిల్లవాడు ఎనిమిది గ్రహములని చదువునపుడు తికమకపడుట సహజము. రెండు జాబితాలును నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసినచో తికమక పోవును. పాత జాబితా ఆకాశమున కంటికి కదలు ఏడింటిని, వానితో రెండు పాతబిందువులను చేర్చి చెప్పినది. వారముల పేర్లు ఆ ఏడే. అందులో భూమి లేదు. చూచువాడు దానిమీదనే నిలిచియున్నాడు గదా! క్రొత్త జాబితా సూర్యుని చుట్టు తిరుగువానిని చెప్పుచున్నది. అందులో సూర్యచంద్రులకు స్థానము లేదు. 2006లో ప్లూటో కూడ మరుగుజ్జు గ్రహముల వర్గమునకు పోయినది. ఒక మాట రెండు కాలములలో రెండు పనులు చేసినది, అంతే.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణము తెలంగాణమీదుగా పోయినప్పుడు హైదరాబాదు సమీపమున ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దానిని పరిశీలించిరి. అదే సమయమున చాల ఊళ్ళలో జనులు తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండిరి. గ్రహణపు సూర్యునిలో ప్రత్యేకమైన విషము ఏమియు లేదు. ప్రమాదము వేరు, అది నిజమైనది: ఏ రోజున సూర్యుని నేరుగా చూచినను కంటి వెనుకనున్న రెటీనా కాలిపోవును. మామూలు రోజున వెలుగును భరింపలేక కన్ను తానే మూసికొనును. గ్రహణమున వెలుగు తగ్గి, చూడవలెనని కోరిక హెచ్చి, రెప్ప వాల్చక చూతురు. రెటీనాకు నొప్పి తెలియదు. చూపు పోయిన సంగతి తరువాత గాని తెలియదు.

ఆటోనగరు పిల్లలకు ఈ విషయమున ఒక అదనపు అపాయము ఉన్నది. వారి చేతికి వెల్డింగు అద్దము సులభముగా అందును, దానితో సూర్యుని చూడవచ్చునని విని ఉందురు కూడ. వెల్డింగు అద్దములన్నియు ఒకటి కావు. గ్యాసు వెల్డింగు కళ్ళద్దములు 5, 6 సంఖ్యలవి. ఆర్కు వెల్డింగు ముసుగులలో సాధారణముగా ఉండునవి 10, 11 సంఖ్యలవి. ఇవి పనికిరావు. సూర్యుని చూచుటకు 14వ సంఖ్య అద్దము కావలెను, అదియును గీతలు పడనిది. అద్దముమీద సంఖ్య చెరిగిపోయినచో దానిని వదలివేయుటయే మేలు. ఐ.ఎస్.ఓ. 12312-2 ప్రమాణము గల గ్రహణపు కళ్ళద్దములు మంచివి. మసిపూసిన గాజు, ఎక్స్-రే ఫిల్ము, పళ్ళెములోని పసుపునీళ్ళలో నీడ చూచుట, వీనిలో ఏదియు రక్షణ కాదు. గ్రహణమునకు ముందురోజుననే ఈ మాట తరగతిలో చెప్పవలెను. ఇంటిలో తండ్రికి, దుకాణములో మేస్త్రీకి కూడ చెప్పుమని పంపవలెను.

సూర్యునివైపు చూడకుండ సూర్యుని చూచు మార్గము ఆటోనగరులో ప్రతి రేకుల షెడ్డులోను ఉన్నది. రేకుకు మేకు ఊడిపోయిన చిల్లు ఉన్నచో, దానిగుండా వచ్చిన ఎండ నేలమీద గుండ్రని మచ్చగా పడును. చిల్లు నలుపలకలుగా ఉన్నను మచ్చ గుండ్రముగానే ఉండును. ఏలయన అది చిల్లు ఆకారము కాదు, సూర్యుని ప్రతిబింబము. పాక్షిక గ్రహణ సమయమున అన్ని మచ్చలును ఒక్కసారిగా కొడవళ్ళగును. తక్కిన రోజులలో వానితో ఒక కొలత తీయవచ్చును. చిల్లునుండి మచ్చవరకు ఒక దారమును లాగి పొడవు చూడవలెను. ఎండ ఏటవాలుగా ఉన్నచో మచ్చ కోడిగ్రుడ్డు ఆకారమున సాగును. దాని పొట్టి వెడల్పునే కొలువవలెను. చిల్లు వెడల్పును అందులోనుండి తీసివేసి, దారము పొడవును ఆ శేషముతో భాగింపవలెను. దారము 4 మీటర్లున్నచోట మచ్చ 37 మిల్లీమీటర్లు వచ్చును. భాగించినచో 108, టైరునకును భూమి గుండునకును నడుమ వీధిలో కొలిచిన మీటర్లు కూడ ఇంచుమించు అన్నియే.